బిగిసిన పిడికిళ్లు

ఆ విదేశీ అమ్మాయి అనగానే నాకు ఆమె పిడికిళ్లే గుర్తొస్తాయి. ఓ ఉదయం, అప్పుడే రాజమండ్రిలో ఒంటరిగా రైలు దిగి, నేనున్న సిటీ బస్సెక్కింది. కాలు పెట్టే చోటు లేదు. వీపు సంచి పట్టీలను రెండు చేతులా బిగించి నిలబడింది.

నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం మాకు మామూలే. నా పక్కనున్న చేపలమ్మే ఆవిడ "ఇలా ఇవ్వమ్మా" అంటూ ఆ సంచి అందుకోబోయింది. అమ్మాయి కెవ్వుమంది. బస్సంతా తిరిగి చూసింది.

"నన్ను దొంగనుకుందండీ!" అంది చేపలావిడ నాతో, ముఖం చిన్నబోయి. నేను అమ్మాయికి ఇంగ్లీషులో సర్దిచెప్పాను. అయినా పిడికిళ్లు వదల్లేదు. తర్వాతి స్టాపులో చేపలావిడ వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఆ సీట్లో అమ్మాయి కూర్చుంది. కాసేపటికి పిడికిళ్లు విప్పి, ఎదురుగా నిలబడ్డ స్కూలు పిల్ల పుస్తకాల సంచి వైపు చేతులు చాచింది.

"ఇలా... ఇవ్వమ్మా."