ఏడో డిస్కు ఖాళీగా లేదు

మొన్న హనుమకొండలో ఒక మందుల దుకాణం ముందు నిలబడి ఉంటే, లోపల పాత ప్రింటరు కర్రుకర్రుమంటూ కాగితం మీద గీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు నా అరచేతులకు చెమట పట్టింది. నవ్వుకుంటే నవ్వుకోండి. కౌంటర్లోని అమ్మాయి తెర చూసి, "గోలీలు లేవు మేడమ్, సిస్టంల నిల్ చూపెడుతాంది" అంది. "సిస్టంను కాదమ్మా, నీ వెనకున్న అర చూడు" అన్నాను. చూసింది. రెండు డబ్బాలున్నాయి. ఆ పిల్ల నన్ను మంత్రగత్తెను చూసినట్టు చూసింది. నాకు మంత్రాలేమీ రావు. మొగిలయ్య సార్ దగ్గర ఏడు నెలలు మాటలు పడ్డాను, అంతే.

ఎనభైల చివర్లో, డిగ్రీ అయిన ఏడాదే, సుబేదారిలోని ఒక కంప్యూటర్ సెంటర్లో నాకు టెంపరరీ ఉద్యోగం దొరికింది. కాలేజీల పరీక్ష మార్కులు ఎక్కించి, ఫలితాలు అచ్చువేసి ఇవ్వడం అక్కడి పని. బీరువాలంత మెషిన్లు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది; వాటి రెండింటికీ కలిపి ఒకే వరుసలో పన్నెండు డిస్కులు. ఏ డిస్కు ఎవరి వాడకంలో ఉందో, ఎంత నిండిందో, ఎంత ఖాళీయో అడిగితే మెషిన్ ఒక జాబితా అచ్చువేసి ఇచ్చేది. ఆ జాబితాలు చదివి, డిస్కులను ఎలా సర్దాలో చెప్పడం మీదే హైదరాబాదులో పరీక్ష. "పాసైతే పర్మనెంట్ ఆపరేటర్. తప్పితే ఆ నెలాఖరుకే ఇంటికి" అని మేనేజరు మొదటిరోజే తేల్చేశాడు. ఇంటికి వెళ్తే ఏముంది? మా నాన్న బట్టల దుకాణంలో గుడ్డ కొలిచే మనిషి. ఆయన మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. నా కింద ఇద్దరు తమ్ముళ్ళు. రోజూ అన్నం ముందు కూర్చుని ఆ నెలాఖరుకు ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేదాన్ని.

ఆ పరీక్ష డిగ్రీ ఉన్నవాళ్ళే రాయాలి. సెంటర్లో అందరికంటే పని తెలిసిన మొగిలయ్య సార్ చదివింది పదో తరగతి. నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. నన్ను పరీక్షకు తయారుచేసే బాధ్యత మేనేజరు ఆయన మీదే పడేశాడు. పాసైతే నేను ఆయనకంటే ఒక మెట్టు పైన కూర్చుంటానని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

ఆయన చెప్పే పద్ధతి నాకు ఒళ్ళుమంట. జాబితాలో ఒక్క వరుస మాత్రం కనిపించేట్టు మిగతాది చెక్క స్కేలుతో కప్పేవారు. "ఏం చెప్తాంది?" అనేవారు. "మూడో డిస్కు, మార్కుల పనికి వాడుతున్నారు, సగం నిండింది" అంటే, "మల్ల చూడు" అనేవారు.

"నేను డిగ్రీ చదివాను సార్, ఒకసారి చూస్తే చాలు."

"అందుకే రెండుసార్లు చూడుమంటున్న బిడ్డా. నేనైతే నాలుగుసార్లు చూస్త."

ఇంకొక వింత అలవాటు ఉండేది ఆయనకు. ఏ డిస్కునైనా పూర్తిగా తుడిచి కొత్తగా సిద్ధం చేసే ముందు, అద్దాల గోడకు అవతల పెద్ద మెషిన్ దగ్గర కూర్చునే సరళను కేకేసి అడిగేవారు. సరళ తన జాబితా తీసి, చూసి, జవాబు చెప్పేదాకా మీట ముట్టేవారు కాదు. "కంప్యూటర్ పెట్టుకుని కూరగాయల బేరంలాగా ఈ కేకలేంది సార్?" అని నేను ఎత్తిపొడిచేదాన్ని. "కూరగాయలైతే పుచ్చినయ్ తీసి పారేస్తం. పిల్లల మార్కులు పారేస్తమా?" అనేవారు.

పరీక్షకు పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం ఆయన సద్ది తినడానికి వెళ్ళారు. నేను అభ్యాసం కోసం చిన్న మెషిన్లో జాబితా తీశాను. ఏడో డిస్కు ఎదురుగా ఎవరి పేరూ లేదు. గడి ఖాళీ. పరీక్షకిచ్చిన పుస్తకంలో సరిగ్గా ఇలాంటి లెక్కే ఉంది: ఖాళీ గడి ఉన్న డిస్కును తుడిచి వాడుకోవచ్చు. సరళను అడగడానికి నాకు నామోషీ. తుడవమని ఆజ్ఞ కొట్టాను. నిజంగానా అని మెషిన్ అడిగింది. అవునన్నాను. ప్రింటరు కర్రుమంది. డిస్కు మీద రాయడానికి వీల్లేకుండా తాళం పడి ఉందని అచ్చువేసింది.

మొగిలయ్య సార్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ కాగితం చదివారు. నన్ను అద్దం అవతలికి తీసుకెళ్ళి, పెద్ద మెషిన్ చేత జాబితా తీయించారు. అందులో ఏడో డిస్కు నిండి ఉంది. మూడు కాలేజీల మార్కులు. చిన్న మెషిన్ ఆ డిస్కును వాడడం లేదు కాబట్టి దాని జాబితాలో గడి ఖాళీ. అంతే తేడా.

"ఆ డిస్కుకు తాళం వేసే మీటను మీరే నొక్కి వెళ్ళారు కదా? నేను తప్పు చేస్తానని ముందే అనుకున్నారా?" అని ఆయన మీదే ఎగిరాను.

"అనుకున్న."

"అంత నమ్మకం లేని మనిషికి చెప్పడమెందుకు?"

"నీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా. మెషిన్ అబద్ధం చెప్పలే. దానికి ఎరుకైనంత చెప్పింది. మిగిలింది మనం అడగాలె. జర కూసో, నీళ్ళు తాగు."

ఆ రోజు నుంచి నా చదువు పాడైంది. ఏ లెక్క తీసినా జవాబు చెప్పలేకపోయేదాన్ని. పుస్తకమంతా ఒకే మెషిన్ జాబితాలే, రెండోది ఎక్కడ? "మీవల్లే నేను ఫెయిలవుతాను" అని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన నవ్వలేదు. "ఫికర్ నాకూ ఉన్నది" అన్నారు. ఆ మాట విన్నాక నా భయం రెట్టింపైంది.

అనుకున్నట్టే అయింది. పరీక్షలో ఒక్క మెషిన్ జాబితా ఇచ్చి, ఏ డిస్కును తుడవవచ్చని అడిగారు. పుస్తకం ప్రకారం నాలుగోది. ఆ ప్రశ్నకు మార్కులెక్కువ. పావుగంట పెన్ను కదల్లేదు. మా నాన్న మోకాళ్ళు గుర్తొచ్చాయి. చివరికి, 'పుస్తకం ప్రకారం నాలుగు. రెండో మెషిన్ జాబితా చూడకుండా నేను మాత్రం ముట్టను' అని రాశాను. సాయంత్రం నోటి పరీక్షలో ఒక పెద్దాయన ఆ కాగితం పట్టుకుని, "మీ మేనేజరు వెనక నిలబడి తొందరపెడితే?" అని అడిగాడు. "ఆయన్నే నొక్కమంటాను సార్" అన్నాను. పెద్దాయన ఏదో రాసుకున్నాడు. సున్నా చుట్టాడో ఏమో తెలియదు.

తిరిగొచ్చాక ఆ సంగతంతా చెప్తే మొగిలయ్య సార్ చేతిలోని చెక్క స్కేలు పక్కన పెట్టారు. "నాలుగని రాసి ఊకుంటే అయిపోతుండె గదా" అన్నారు. "మీరైతే రాసేవారా?" అన్నాను. ఆయన స్కేలు తీసి మళ్ళీ జాబితా మీద పెట్టారు. మూడు వారాలు పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే చాలు ఇద్దరం తలలెత్తేవాళ్ళం.

కవరు వచ్చింది. పాసయ్యాను. ఆ ప్రశ్నకు ఎన్ని మార్కులు వేశారో ఇప్పటికీ తెలియదు. సర్టిఫికెట్ మేనేజరుకంటే ముందు మొగిలయ్య సార్ చేతిలో పెట్టాను. దాని మీద నేర్చిన విషయాలు ఒకదాని కింద ఒకటి ఇంగ్లీషులో అచ్చై ఉన్నాయి. ఆయన వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివారు. "ఇది నాకొస్తది. ఇదీ వస్తది. ఇదీ." అట్టడుగున నా పేరు దగ్గర ఆగారు.

"పేరొక్కటే నాది గాదు బిడ్డా" అని నవ్వి, కాగితం నలగకుండా కవర్లో పెట్టి ఇచ్చారు.

ఎవరికైనా సరే మాటకు మాట అప్పజెప్పకుండా వదిలే మనిషిని కాను నేను. ఆ రోజు మాత్రం కవరు తీసుకుని పనిలో పడ్డాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఎంతోమందికి ఈ పని నేర్పాను. నిదానం మనిషినని, అనుమానం మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఒక్క డిస్కు కూడా పోగొట్టలేదు. ఎవరైనా నా పని మెచ్చుకున్నప్పుడల్లా నాకు నోట్లో చేదుగా ఉంటుంది. ఆ మెప్పు నాది కాదని చెప్పబోతాను. ఎవరిదో చెప్పాలంటే ఇంత కథ చెప్పాలి. అందుకే ఈ నాలుగు పేజీలు.