పెద్దగేటు తాళం, ఉచిత వకీలు

ఇప్పుడు చట్టంలో ఏముందో తెలుసుకోవాలంటే ఫోను తీసి అడిగితే చాలు, తెలుగులోనే చదివి వినిపిస్తుంది. నా పడుచు రోజుల్లో అయితే వకీలుకు ఫీజైనా కట్టాలి, లేదా ఎప్పుడో పెట్టే న్యాయ సహాయ శిబిరానికి వెళ్లి నలుగురిలో నిలబడైనా అడగాలి. ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. నలుగురిలో నిలబడే అలవాటు అసలే లేదు. చంద్రగిరి చుట్టుపక్కల మా వంశానికి ఎన్ని ఊళ్లుండేవో మా అవ్వ వేళ్లు మడిచి చెప్పేది. నా చేతికి వచ్చేసరికి సగం ఇల్లు, దాని ముందున్న పెద్దగేటు మిగిలాయి. (గేటు మీద రెండు ఇనుప సింహాలుండేవి. ఒకదానికి తోక లేదు.)

మిగతా సగం ఇంటిని మా తాత, కళాయి సాయిబు తండ్రికి అమ్మేశాడు. సాయిబు ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయన తోపుడుబండి వీధిలోకి రావాలంటే మా గేటే దారి. ఒకరోజు నడివీధిలో నన్ను చూసి, "ఏమప్పా, టీ తాగినావా?" అన్నాడు. వాళ్ల నాయన మా తాతను దొరా అనేవాడు. నేను ఇంటికొచ్చి గేటుకు తాళం వేశాను. నాలుగు రోజులు సాయిబు ఇంటి వెనక మురికికాలువ దాటుకుని మనిషి మాత్రం బయటికి వచ్చిపోయాడు. బండి కదలలేదు, పని నడవలేదు. అయిదోరోజు "కోర్టుకు పోతా" అన్నాడని తెలిసింది. ఆ గేటు కూడా చెయ్యి జారితే, మేం ఫలానా వారమని చెప్పుకోవడానికి ఇక ఏమీ ఉండదు.

ఊళ్లో ఎవరి కంటా పడకూడదని, గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని, తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో పెట్టిన శిబిరానికి వెళ్లాను. ఉచిత వకీలు కావాలంటే ఫారం నింపాలి. పేరు రాశాను. ఆదాయం గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. (నిజం రాస్తే పరువు పోతుంది, అబద్ధం రాస్తే వకీలు రాడు.) ఫారం మడిచి పట్టుకుని, వరుసలో చేరలేక బల్ల పక్కన నిటారుగా నిలుచున్నాను. నేను నిలబడిన తీరు చూసి బల్ల దగ్గరి వలంటీరమ్మ నన్ను ఏ ఆఫీసరనుకుందో, "సార్, జిరాక్సుకు పోయొస్తా, రోంతసేపు సూసుకోండి" అని తన కుర్చీ చూపించి వెళ్లిపోయింది. కుర్చీ అంటే మా వంశానికి మొదటి నుంచీ బలహీనత. కూర్చున్నాను. నగరి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పింఛను సంగతి అడిగితే, బల్లమీది కరపత్రం తీసి గంభీరంగా చదివాను. ఆమె దండం పెట్టింది. చాలా హాయిగా అనిపించింది. తలెత్తితే ఎదురుగా కళాయి సాయిబు.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. గొంతు సవరించుకుని, ఎన్నడూ ఎరగనట్టు మొదలుపెట్టాడు. "సార్, మా పక్కింటాయన ఒగాయన ఉండాడు. వాళ్ల తాత అమ్మిన ఇంట్లోనే మేముండేది. దారి ఆయన గేట్లోంచే. దానికి తాళమేసినాడు. ఇప్పుడు నేను కాలవ దూకి పోతా ఉండా."

"ఎందుకు వేశారు?" అన్నాను, మా తాత గొంతు తెచ్చుకుని.

"దొరా అనలేదంట సార్."

వరుసంతా గొల్లున నవ్వింది. వెళ్లబోతున్న నగరి పెద్దమ్మ ఆగిపోయింది. "ఎవురబ్బా వాడు? ఇంగా ఏ కాలంలో ఉండాడు? గడ్డం నెరిసిన మనిసిని కాలవ దూకిస్తాడా?"

"సిన్న వయసులేమ్మా," అన్నాడు సాయిబు నావైపే చూస్తూ. "మనిషి మంచోడే. ఎన్నుపూసే వంగదు. సట్టంలో ఏముండాదో సూడండి సార్."

నా పక్షాన ఏదైనా దొరుకుతుందేమోనని కరపత్రాలు తిరగేశాను. దొరికింది మాత్రం ఇది: ఇంట్లో కొంత భాగం అమ్మినప్పుడు, కొన్నవాడికి వేరే దారి లేకపోతే, మిగిలిన భాగంలోంచి దారి ఇవ్వాల్సిందే. నోట్లోనే గొణిగాను.

"గెట్టిగా సదవండి సార్, ఎనకోళ్లకు ఇనపడల్ల."

చదివాను. ముందు ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవడం మేలు అన్న చివరి మాట దాకా చదివాను. మా తాత గొంతు ఎప్పుడు వదిలి వెళ్లిందో తెలియదు.

అప్పుడే వలంటీరమ్మ తిరిగొచ్చి నా చేతిలోని ఫారం చూసింది. "అయ్యో, మీరు ఉచిత వకీలు కోసం వచ్చినారా సార్? తెలీక కూసోబెట్టినానే! ఇట్లియ్యండి." వరుస మొత్తం నావైపు తిరిగింది.

"ఫారం నాదిలేమ్మా," అంటూ సాయిబు దాన్ని నా చేతిలోంచి లాగేసుకున్నాడు. (దాని మీద నా పేరు ఉంది.) "నాకు సదువు రాదని తోడొచ్చినాడు. మా ఊరాయన. ఇంగ వకీలు పన్లేదు, పోయొస్తాం."

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చంద్రగిరి కోట కొండ కనబడేదాకా ఇద్దరం కిటికీలోంచే చూశాం. అప్పుడు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఫారం తీసి నా చేతిలో పెట్టాడు. "ఏమప్పా, దిగినాక టీ తాగుదామా?"

తాగాం. గేటుకు మళ్లీ తాళం పడలేదు. తోకలేని సింహానికి సాయిబే రేకుతో తోక చేసి అతికించాడు. అసలు తోక కంటే అదే తళతళలాడేది. ఇప్పుడాయన లేడు. బజారులో అందరూ నన్ను సార్ అనే పిలుస్తున్నారు, అప్పా అనేవాళ్లు కరువయ్యారు. మొన్న పెట్టె సర్దుతుంటే ఆ ఫారం దొరికింది. ఆదాయం గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను తీసి నిజం రాశాను. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ మాత్రం రాయలేక ఒక కుర్రవాడు గంజి చొక్కాలో ఎంత చెమట కార్చాడో పాపం.