అరిసెల నెయ్యితో నడిచిన వ్యాను

రాజారావుది తణుకు. చాలా ఏళ్ళుగా పరాయి దేశంలో, ఒహాకునే అనే ఊళ్ళో డైరీ నడుపుతున్నాడు. డైరీ అంటే అక్కడ బ్రెడ్డు నుంచి కొవ్వొత్తుల దాకా అమ్మే వీధి కొట్టు. మంచుకొండ కింది ఊరు కావడంతో చలి ఎముకలు కొరుకుతుంది. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, వాడేసిన వంటనూనెతో గరాజులో బయోడీజిల్ తయారుచెయ్యడం. చిప్స్ కొట్ల నుంచి నూనె తెచ్చి, వడకట్టి, మందులు కలిపి, తేరినదాన్ని తన పాత వ్యానులో పోస్తాడు. ఆ వ్యాను వెనక వెళ్తే పునుగుల వాసన వస్తుందని స్నేహితులు ఏడిపిస్తే మురిసిపోతాడు.

ఏటా చలికాలంలో గడ్డకట్టకుండా బంకు డీజిల్ సగానికి సగం కలిపేవాడు. ఈ ఏడు కలపలేదు. పైగా ఆ ఊళ్ళోనే ఉండే మంగాదేవి గారింట్లో సీమంతానికి అరిసెలు వండగా మిగిలిన నెయ్యి డబ్బాలతో తెచ్చి, దాన్నీ ఇంధనం చేసేశాడు. నెయ్యి పారబొయ్యడానికి గోదావరి జిల్లా వాడికి చేతులెలా వస్తాయి?

“నెయ్యి కదండీ, చలికి పేరుకోదూ?” అంది భార్య శకుంతల.

“మందు కలిపాక అది నెయ్యి కాదే, ఇంధనం.”

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

శకుంతల కిడ్నీలు చెడిపోయాయి. డయాలసిస్‌కి పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్తాడు. మొన్న మంచుకి రోడ్డు మూసేస్తే ఒక వంతు తప్పింది. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీస్తోంది. ఇవాళ ఎలాగైనా రావాలని నర్సు గట్టిగా చెప్పింది.

పొద్దున్నే బయల్దేరారు. దారిలో వైయూరు అనే ఊరు ఇంకా రాకుండానే వ్యాను దగ్గి, గుంజుకుని, ఆగిపోయింది. రాజారావు బానెట్ ఎత్తాడు. ఫిల్టరు గిన్నెలో ఇంధనం తెల్లగా గడ్డకట్టి ఉంది. ఫోనుకి సిగ్నల్ లేదు. పొగమంచులో ఒక పాల ట్యాంకరు పోయింది గానీ ఈయన చెయ్యి ఊపడం డ్రైవరు చూడలేదు. ఫిల్టరుని అరచేతుల్లో పొదివి పట్టుకున్నాడు. చేతులు కొంకర్లు పోయాయి గానీ గడ్డ కరగలేదు. లోపల శకుంతల ఎగశ్వాస వినబడుతోంది.

“ఏవండీ, ఇది పొయ్యండి,” అంటూ ఆవిడ కిటికీలోంచి ఫ్లాస్కు అందించింది.

జీలకర్ర వేసి మరిగించిన నీళ్ళు. రోజంతటికీ డాక్టరు ఆమెకి తాగమన్నవి ఆ కాసిని నీళ్ళే. గుక్క కాదు, చుక్క చుక్కగా సాయంత్రం దాకా సర్దుకుంటుంది.

“మరి నువ్వో?”

“నాకు దాహం లేదులెండి.”

జబ్బు చేసినప్పటి నుంచీ ఆమె నోట ఆ మాట ఆయన ఒక్కనాడూ వినలేదు. నిద్రలో కూడా మంచినీళ్ళే కలవరిస్తుంది. అబద్ధమని తెలిసీ మూత తీశాడు. వేడినీళ్ళు ఫిల్టరు మీంచి పొగలు కక్కుతూ రోడ్డు మీదికి కారిపోయాయి. తెల్లటి గడ్డ మెల్లగా పసుపురంగుకి తిరిగింది. తాళం తిప్పాడు, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఇంజను మూలిగి, దగ్గి, నిలబడింది.

వైయూరు బంకులో డీజిల్ పోయించేదాకా వ్యాను కుంటుతూనే నడిచింది. పక్క సీట్లో శకుంతల ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటోంది.

“తప్పు నాదే,” అన్నాడు రాజారావు. కాపురానికొచ్చాక ఆవిడ ఈ మాట వినడం ఇదే మొదలు.

“తెలుసు. ముందు ఆపకుండా పోనివ్వండి,” అంది.