చేతులు కడుక్కొని వస్తానన్న బాపు

మా అక్కను చేసుకున్న బావ వరికోత మిషన్ కొన్నాడు. ఆ సంతోషంలో ఆదివారం మధ్యాహ్నం బాన్సువాడలో దావత్ ఇస్తానని ఫోన్ చేశాడు. ఎక్కడని అడిగితే, కొత్తగా తెరిచిన బార్ అండ్ రెస్టారెంట్ అన్నాడు.

"గక్కడెందుకు బావా? బాపు సంగతి నీకెరుకే గద."

"పైన ఫ్యామిలీలకు వేరే రూమ్ ఉంది. మన టేబుల్ మీదికి మందే రాదు. గక్కడ బొగ్గుల మీద కోడిని మంచిగ కాలుస్తరు. మామకు ఇష్టమని పిలుస్తున్న. నువ్వు ఫికర్ చెయ్యకు."

నాన్నను మేం బాపు అంటాం. బీర్కూర్‌లో బాపు, అమ్మ, నేను ఉంటాం. బాపు తాగుడు మానేసి అప్పటికి ఏడాది దాటింది. మానేశాడనేకంటే మానక తప్పలేదనాలి. ఒకరోజు రక్తం కక్కుకుంటే నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. మళ్లీ ముట్టుకుంటే మనిషి దక్కడని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట బాపుకు చెప్పాలో వద్దో తెలియక నాలోనే దాచుకున్నాను.

మోకాళ్ల నొప్పి వల్ల అమ్మ రానంది. బయలుదేరేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకొని, "పక్కనే కూసో బిడ్డా" అంది. బాపుకు వినపడొద్దని మెల్లగానే అంది గానీ, బాపు విన్నాడు. విననట్టే చెప్పులు తొడుక్కున్నాడు.

హోటల్ ముందు బొగ్గుల పొయ్యి మీద చువ్వలకు గుచ్చిన కోడి ముక్కలు కాలుతున్నాయి. మెట్ల దగ్గరికి పోవాలంటే మాత్రం కింది హాలంతా దాటాలి. ఆ సంగతి బావ చెప్పలేదు. బహుశా ఆయనకు అది ఒక సంగతే అనిపించలేదు. హాలు నిండా మగవాళ్లు, సీసాలు, గ్లాసులు. బావ వెనకే బాపు తల వంచుకొని నడిచాడు. బాపు వెనక నేను, నా వెనక అక్క.

పైకి వెళ్లాక బాపు బాగానే తిన్నాడు. అక్క వద్దన్నా వినకుండా ముక్కలు వేస్తూ పోయింది. తడి మడిలో కోత మిషన్ దిగబడితే ఎంత తిప్పలో బాపు చెప్తుంటే బావ నవ్వాడు. నాకు మాత్రం తిన్నదేదీ రుచి తెలియలేదు. కింద నుంచి గ్లాసుల చప్పుడు వినిపించినప్పుడల్లా బాపు ముఖం చూశాను. చూస్తున్నట్టు తెలియకూడదని మళ్లీ ప్లేటులోకి చూశాను.

బిర్యానీ రాకముందు బాపు లేచాడు. పైన నల్లాలో నీళ్లు రావడం లేదట.

"కిందికి పోయి చేతులు కడుక్కొని వస్త."

నేనూ లేవబోయాను. అక్క నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది. "గాయన చిన్న పిల్లగాడా? జర నమ్మవే" అంది.

కూర్చున్నాను. బిర్యానీ వచ్చింది. బావ డీజిల్ గురించి, డ్రైవర్ గురించి ఏదో చెప్తున్నాడు. ఆయన పెదవులు కదలడమే కనిపిస్తోంది. బాపు రాలేదు. ఇంకాసేపు చూశాను. ఇక ఉండలేక లేచాను. ఈసారి అక్క ఆపలేదు.

కింద నల్లా దగ్గర ఎవరూ లేరు. హాల్లోకి నడిచాను. మాట్లాడుతున్నవాళ్లు ఆగి నన్ను చూశారు. మూలన ఉన్న టేబుల్ దగ్గర బాపు కనిపించాడు. ఎదురుగా, ఒకప్పుడు రోజూ బాపుతో కలిసి తాగిన మా ఊరాయన, నాకు చిన్నాన్న వరసయ్యే కాక. బాపు ముందు నిండు గ్లాసు. అది మొదటిదా, ఒకటి అయ్యాక మళ్లీ పోసిందా?

"బాపూ, బిర్యానీ సల్లారుతుంది," అన్నాను.

బాపు తలెత్తలేదు. చేతులు రెండూ టేబుల్ కింద ఒడిలో బిగించి పట్టుకొని ఉన్నాడు.

"ముట్టలే బిడ్డా," అన్నాడు. "లేద్దామంటే కాళ్లు లేస్తలేవు. మీల ఎవరన్న వస్తరని చూస్తున్న."

చంక కింద చెయ్యి వేసి లేపాను. కాక గ్లాసును తన వైపు లాక్కున్నాడు.

"తీస్కపో బిడ్డా. నేనే పిలిచిన. ఒక్కన్ని తాగ బుద్ధి కాక పిలిచిన," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు గూడ ఇంటికి పో," అన్నాడు.

పైకి పోలేదు. బయటికొచ్చి, ఎదురుగా మూసి ఉన్న ఎరువుల దుకాణం అరుగు మీద కూర్చున్నాం. కాసేపటికి బాపు ముఖం నా దగ్గరికి తెచ్చి, "వాసన చూస్కో," అన్నాడు.

బాపు ఎప్పుడు బయటి నుంచి వచ్చినా నేను దగ్గరికి పోయి గాలి పీల్చి చూసేదాన్ని. ఆయనకు తెలియదనుకున్నాను.

"వద్దు బాపూ."

"చూడు. నీకు నిద్ర పట్టాలె గద."

చూశాను. కాల్చిన కోడి, నిమ్మకాయ, చెమట. అంతే. అప్పుడు డాక్టరు చెప్పిన మాట చెప్పేశాను. బాపు రోడ్డు వైపు చూస్తూ, "నాకెరుకే. నీ ముఖం చూస్తె తెల్వదా?" అన్నాడు.

అంతలో బావ పరుగున వచ్చాడు. సంగతి విని, లోపలికి పోయి అక్కను పిలుచుకొచ్చాడు. బిర్యానీ కట్టించుకొని అక్కవాళ్లింటికి పోయి తిన్నాం. బాపు రెండోసారి వడ్డించుకున్నాడు.

నా భయం పోలేదు. పోతుందని కూడా అనుకోను. కాకపోతే ఇప్పుడు బాన్సువాడలో పని పడితే, "నువ్వొస్తవా బిడ్డా?" అని బాపే అడుగుతాడు. కాక ఇంటికి బాపు పొద్దున పూటే, ఆయన మందు ముట్టకముందే వెళ్లి చాయ్ తాగి వస్తాడు. ఆ దారిలోనూ నేను పక్కనే నడుస్తాను.