బాపట్లకు వెళ్ళవలసిన రేపల్లె రైలు

ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చేతిలో లిఖితపూర్వక ఆధారాలుండి కూడా, పట్టపగలు తెనాలి జంక్షనులో ఎంతటి ప్రళయం సృష్టించగలడో తెలుసుకోగోరువారు ఇది చదవండి. నవ్వదలచినవారు నవ్వవచ్చును. అయిదేళ్ళ నాటి ఆ పెద్దమనిషిని నేను సమర్థించబోవడం లేదు.

మా మనుమరాలు రూతు బడి గడప తొక్కలేదు. మా అమ్మాయి ఇంట్లోనే చదివించింది. చదివించిందనడం కూడా పెద్ద మాటే! ఆ పిల్ల కొలకలూరు తోటల్లో మొక్కలకు అంట్లు కట్టేది, కనబడిన ప్రతివారినీ ప్రశ్నలతో వేధించేది. నాకు ఒళ్ళు మండి ‘రూతుకు రానివి’ అని ఒక నోటుపుస్తకమే తెరిచాను. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండేసరికి అందులో నలభై ఆరు అంశాలు చేరాయి.

అప్పుడే బాపట్లలో మొక్కల పెంపకం శిక్షణకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. బడి సర్టిఫికెట్టు అడగని చోటు మాకు దొరికింది అదొక్కటే. ఉదయం పదకొండు దాటితే లోపలికి రానివ్వరు; తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. దారి తెలియని పిల్ల గదా అని నేనే వెంట బయలుదేరాను.

తెనాలి స్టేషనులో, నా పాత రైలు వేళల పుస్తకంలో రాసి ఉన్న ప్లాట్‌ఫారం మీద రైలు సిద్ధంగా ఉంది. ఎక్కించాను.

“తాతయ్యా, ఇది రేపల్లె బండంట. మైకులో చెప్పారు.”

“బాపట్లలో ఉద్యోగానికి ముప్పై ఏళ్ళు ఇక్కడే ఎక్కానమ్మా. బడికెళ్ళింది నువ్వా, నేనా?”

“పోనీ, ఎవర్నైనా అడుగుదాం.”

“అడగడమేంటి, పుస్తకంలో ఉంటేను!”

కాసేపటికి వేమూరు స్టేషను వచ్చింది. బాపట్ల దారిలో వేమూరు లేదని రైలుకు కూడా తెలుసు. “బోర్డు మార్చేశారు కాబోలు,” అన్నాను. రైల్వేవారికి ఫిర్యాదు లేఖలో మొదటి పేరా మనసులో రాసేశాను కూడా. ఎదురుగా కూర్చున్న కూరగాయల గంపావిడ, ముదిరిపోయిన బెండకాయను చూసినట్లు నన్ను చూసింది.

రూతు ఆవిడ పక్కకు జరిగింది. “పిన్నిగారూ, పదకొండులోపు బాపట్లలో ఉండాలండి. ఎలాగండి?”

“భట్టిప్రోలులో దిగమ్మా. ఆటో ఎక్కి చెరుకుపల్లి పో. రేపల్లె నుంచొచ్చే బాపట్ల బస్సు అక్కడ దొరుకుద్ది. ఈ పెద్దాయన మీవాడేనా?”

“అవునండి, మా తాతయ్య. హెడ్మాస్టారుగా చేశారండి.”

“అయ్యో పాపం,” అన్నదావిడ. ఆ జాలి ఎవరి మీదో నేను విచారించలేదు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది చదువు చెప్పగా చెప్పగా పోయింది. ఆవిడ చెప్పినట్లే భట్టిప్రోలులో దిగి, ఆటో ఎక్కి, బస్సు పట్టుకున్నాం. పదకొండుకు నాలుగు నిమిషాల ముందు, చెమటతో తడిసిన మూటల్లా చేరాం.

తలుపు తెరిచే ఉంది గనుక లోపలి మాటలు విన్నాను.

“బడికే వెళ్ళలేదంటున్నావు. తెలియనిది ఎలా నేర్చుకుంటావమ్మా?” అని అధికారిణి అడిగింది.

“తెలిసినవాళ్ళని అడుగుతానండి. పొద్దున రైల్లో కూడా అడిగానండి.”

“అడగడానికి నామోషీ వేయదా?”

“లేదండి. నాకు బడి అలవాటు లేదు గదండి!”

గది గదంతా నవ్వింది. బయట బల్ల మీద ఒక్కడు తప్ప.

సీటు వచ్చింది. ఇప్పుడు రూతుకు బాపట్లలో సొంత నర్సరీ ఉంది. అంటుమామిడి గురించి అడగడానికి రేపల్లె నుంచి కూడా రైతులు వస్తారు. వాళ్ళెవరూ తెనాలిలో తప్పు రైలు ఎక్కలేదు.

ఇంటర్వ్యూ అయిన ఆ సాయంత్రమే ‘రూతుకు రానివి’ పుస్తకంలో నలభై ఏడవ అంశం నమోదు చేశాను: ‘ఏ రైలు ఎక్కవలెనో తెలియకపోవుట.’ అట్ట మీద రూతు పేరు కొట్టివేసి నా పేరు రాసి, సంతకం చేశాను. పాఠకుల సాక్షిగా ప్రమాణం చేయుచున్నాను: ముగ్గురిని అడగనిదే ఇకపై ఏ రైలూ ఎక్కను. ఆ ముగ్గురిలో ఒక్కరైనా బడికి వెళ్ళనివారై ఉండవలెను.