చక్రమా, కదురు బిళ్ళా: అద్దంకి నుంచి బ్రాడీపేట దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఆదివారం సాయంత్రాలు పాత నాగరికతల మీద ఉపన్యాసాలు పెడుతున్నారు. టికెట్టు లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. నేను చదివింది మూడో తరగతి. అయినా వెళ్ళాను, మా ఇంట్లో ఒక తగాదా తేలకుండా ఉండిపోయింది కాబట్టి. చాలా ఏళ్ళ కిందట మా ఆవిడ ఖాసింబీ పత్తి తీతకు వెళ్తే చేలో ఒక మట్టి బిళ్ళ దొరికింది. అరచేతిలో సగం ఉంటుంది, మధ్యలో బెజ్జం. పిల్లలు ఆడుకునే బొమ్మబండి చక్రమని నేనన్నాను. కాదు, నూలు వడికే కదురుకు బరువు కోసం తొడిగే బిళ్ళ అని ఆమె అంది. మాది దూదేకుల ఇల్లు, పరుపులు కుట్టి బతికాం. పత్తి సంగతి నాకే చెబుతావా అని కసిరితే, "నీకు ఏకడం తెలుసు. వడకడం నీకేం తెలుసయ్యా?" అనేది. ఆ బిళ్ళను తాళంచెవుల తాడుకు కట్టి నడుముకు దోపుకునేది. ఆమె పోయి ఏడాది దాటింది. తగాదా పడే మనిషి లేని ఇల్లు ఎట్లా ఉంటుందో నేను చెప్పను, తెలిసినవాళ్ళకు తెలుసు.

భోంచేసి ఒంటిగంట బస్సెక్కాను. చిలకలూరిపేట మీదుగా రెండున్నర గంటల దారి, టికెట్టు నూటయాభై లోపే. కల్లాల నిండా మిరపకాయలు ఆరబోశారు, ఘాటుకు బస్సంతా తుమ్ముతోంది. ఈ దారిలో ఖాసింబీ పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా తుమ్ములు లెక్కపెట్టేది. ఈసారి నేను తుమ్మినా ఎవరికీ పట్టలేదు.

గుంటూరు బస్టాండు బయట షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు.

"ఏ డాక్టరు దగ్గరికి పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు.

"డాక్టరు కాదు, ఉపన్యాసానికి."

"చెప్పడానికా, వినడానికా?"

"ముందు వింటా. తప్పు చెబితే నేనే చెబుతా."

హాల్లో ఫ్యాన్లున్నాయి, మంచినీళ్ళున్నాయి. ఐదింటికి మొదలుపెట్టారు. తవ్వకాలు చేసే మేడం ఒకావిడ, సింధు నది ఒడ్డున పత్తి వడికి బట్టలు నేసిన ఊళ్ళ సంగతి బొమ్మలు చూపిస్తూ చెప్పింది. చివర్లో ప్రశ్నలు అడగమంటే లేచి బిళ్ళ తీశాను.

"ఇది బండి చక్రమా, కదురు బిళ్ళా? ఒక్క ముక్కలో చెప్పండి."

ఆవిడ దిగి వచ్చి దాన్ని లైటు కింద తిప్పి చూసింది. "చక్రమైతే మామూలుగా బెజ్జం చుట్టూ బుడిపె ఉంటుందండీ, ఇరుసు నిలవడానికి. ఇది రెండువైపులా చదునుగా ఉంది. కదురు బిళ్ళే అనుకుంటున్నాను. చక్రమని ఎవరన్నారు?"

"నేనే. బిళ్ళన్నది మా ఆవిడ."

హాలంతా నవ్వింది.

"ఆవిడే గెలిచారు. తీసుకురాలేదా?"

"లేదమ్మా. పోయింది."

మేడం వంగి బిళ్ళ బెజ్జంలోకి చూసింది. తర్వాత మెల్లగా, "దీన్ని కడిగారా?" అంది.

"తోమాను. పట్నానికి మురికిది ఎట్టా తెస్తాం?"

"అయ్యో. బెజ్జంలో మట్టి ఉంటే నూలు ఆనవాలేమైనా దొరికేదేమోనండీ."

తిరుగు బస్సులో బిళ్ళను గుప్పిట్లోనే పట్టుకున్నాను. నేను ఓడిపోయిన సంగతి వినాల్సింది ఒక్క మనిషే. విని ఊరుకునేది కాదు, వీధంతా చెప్పుకుని నవ్వేది. ఆ నవ్వు కోసం ఇంకో వంద తగాదాలైనా ఓడిపోతాను. ఇంటికి వచ్చి తాళం తీసి, చీకట్లోనే "నువ్వే కరెక్టు" అన్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మీ చేలో ఇట్లాంటిది దొరికితే ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకుని, మట్టితోనే కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి. కడక్కండి. ఇత్తడి చెంబు తోమినట్టు నేను చింతపండు పెట్టి తోమేశాను. పాతకాలపు మట్టి పోతే పోయింది. అన్నేళ్ళు ఖాసింబీ వేళ్ళ మధ్య నలిగి పట్టిన జిడ్డు కూడా పోయింది.