మాటల్లేని ఎనిమిది పాటలు

మా చర్చి సంఘంలో పాట అందరూ పాడతారు, అందించేది మాత్రం ఒక్కరే. మా ముత్తుకూరు వైపు పల్లెల్లో పాటల పుస్తకం చదవలేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని జనం ఒక పాదం పాడి ఊపిరి తీసుకునేలోపల, రాబోయే పాదాన్ని ఒకరు గబగబా పలికేయాలి. అది విని అందరూ అందుకుంటారు. నలభై ఏళ్లు ఆ పని మా అమ్మ చేసింది. ఆమెకూ చదువు రాదు, నాన్న చదివి వినిపిస్తే బట్టీ పట్టింది. ఏ చరణం తర్వాత ఏ చరణమో ఒక్కసారి కూడా తడబడగా నేను చూడలేదు. చిన్నప్పుడు నాకది గొప్పగా అనిపించేది కాదు. పాట మధ్యలో ఈ అరుపులేమిటని విసుక్కునేవాణ్ని.

రెండేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, మాటా పోయాయి. చెయ్యి కొంచెం తిరిగొచ్చింది, మాట రాలేదు. కాస్త కోలుకున్నాక చర్చికి తీసుకెళ్దామని ఆటో పిలిస్తే మంచం దిగలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఇక ప్రతి ఆదివారం అదే. నోరు మెదపలేకుండా చర్చిలో చాపమీద కూర్చోవడం ఆమెకు చావుతో సమానమని నాకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

నాకు చేతనైన పని ఒక్కటే. థర్మల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని డ్యాన్స్ మ్యూజిక్ చేస్తుంటాను. అమ్మ అందించిన పాటల్లోంచి ఎనిమిది వరసలు తీసుకుని, కింద డ్రమ్మూ బేసూ వేసి ఒక ఆల్బమ్ చేశాను. మాటలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగినవాళ్ల దగ్గర ఇప్పటి పద్ధతి ఇదేనని గొప్పలు పోయాను. అసలు సంగతి అది కాదు. ఆ పాటల మీద ఇంకొకరి గొంతు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

పాస్టరుగారు నా ఫోనులో రెండు నిమిషాలు విని తిరిగి ఇచ్చేశారు.

"ఇదేంది తమ్ముడా, పెండ్లి ఊరేగింపు డీజే మాదిరి ఉండాది. ఆరాధనకొచ్చినోళ్లు ఎగరాల్నా?"

"ఎగిరితే దేవుడేమన్నా వద్దంటాడా అయ్యగారూ?" అన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి మంచం పక్కన స్పీకరు పెట్టి అమ్మకు వినిపించాను. మొదటి పాదం అయ్యీ కాకముందే ఆమె ఎడమ చెయ్యి పైకెత్తింది. ఆపాను. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎత్తింది. నాలుగోసారికి నాకు ఒళ్లు మండింది.

"ఇన్నాళ్లు కష్టపడి చేస్తే ఊరికే ఆపమంటావేందమ్మా?"

గుమ్మంలో నిలబడి చూస్తున్న నా భార్య అంది, "ఏమండీ, అత్త ఆపమని చెప్పడంలా. పాదం అయిపోయిన చోటే చెయ్యి ఎత్తతా ఉండాది. అందియ్యాలని చూస్తా ఉండాది."

ఆ చోట నేనేం పెట్టానో నాకు తెలుసు. ఖాళీ ఉంటే ఊపు పోతుందని ప్రతి పాదం చివరా డ్రమ్ముల హోరు నింపాను. అయినా నా కోపం తగ్గలేదు. "దీంట్లో మాటల్లేవు గదమ్మా, ఎవరికి అందిస్తావు?" అనేశాను. అమ్మ చెయ్యి దించేసింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

వారం రోజులు కూర్చుని ఎనిమిది పాటల్లోనూ ఆ హోరంతా తీసేశాను. పాదానికీ పాదానికీ మధ్య మనిషి మాట పట్టేంత చోటు వదిలాను. "అన్నా, ఊపు ఎక్కతానే పడిపోతా ఉండాది," అని చర్చి యూత్ వాళ్లు నవ్వారు. నవ్వుకోమన్నాను. అమ్మకు మళ్లీ వినిపిస్తే మొదటి ఖాళీలోనే పెదవులు కదిలాయి. రెండో పాట సగంలో ఎడమ చేత్తో కొంగు తలమీదికి లాక్కుంది. మా ఆడవాళ్లు ప్రార్థనకు సిద్ధమయ్యేటప్పుడు చేసే పని అది.

పాస్టరుగారి దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. "అమ్మ వస్తానంటే ఏదైనా పెట్టుకో," అన్నారాయన.

ఆ ఆదివారం ఆటో పిలిస్తే అమ్మ మంచం దిగింది. ఆరాధన ముగిశాక ఒక పాట పెట్టాను. అమ్మ ఆడవాళ్ల వైపు, ముందు చాపమీద గోడకానుకుని కూర్చుంది. ఇది ఊరికే వినే పాటనుకుని జనం కళ్లు మూసుకున్నారు. మొదటి పాదం అయింది. ఆ ఖాళీలో అమ్మ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. మాట కాదు. అందరూ కళ్లు తెరిచి చూశారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అమ్మను చేజేతులా నలుగురిలో నవ్వులపాలు చేశాననుకున్నాను.

రెండో ఖాళీలోనూ అమ్మ అలాగే మూలిగింది. అప్పుడు పక్కనున్న చేపలమ్మే పెద్దావిడ తర్వాతి పాదం ఎత్తుకుంది. ఆమె వెంట ఆడవాళ్లు, ఆ తర్వాత మగవాళ్లు అందుకున్నారు. చరణం పూర్తయ్యేసరికి చర్చి అంతా పాడుతోంది.

పాస్టరుగారు నా వైపు చూసి ఆపమని చెయ్యి ఊపారు. నాకు కోపం నషాళానికెక్కింది. అయినా ఆపాను. ఆయన మైకు పక్కన పెట్టి, వచ్చి అమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నారు.

"అమ్మా, రెండో చరణం అందియ్యండి," అన్నారు.

అమ్మ నోరు తెరిచింది. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా నాకు అర్థం కాలేదు. అయినా అందరితోపాటు పాదం తప్పకుండా పాడాను.